అంపైరు లేని షటిల్ కోర్టులో ఎవరి మాట చెల్లాలి?

హనుమకొండలోని మీ కాలనీ షటిల్ క్లబ్బు డబుల్స్ ఫైనల్లో తలెత్తిన మూడు తగవుల గురించి అడిగారు. మూడో గేములో స్కోరు 17-16 ఉండగా వంతు లేని ఆటగాడు సర్వీసు చేసి వరుసగా రెండు పాయింట్లు గెలిచాడని, 19-16 దగ్గర ఎదుటి జట్టు ఆ సంగతి పసిగట్టి ఆ రెండు పాయింట్లూ కొట్టివేయాలని పట్టుబట్టిందని రాశారు. తరువాత వెనుక గీత దాటి పోతున్న కాక్‌ను రిటైర్డ్ లెక్చరర్ ఒకరు చేత్తో పట్టుకొని ‘అవుట్’ అన్నారని, చివరకు ఒక లైన్ కాల్ (కాక్ గీత లోపల పడిందా, బయట పడిందా అన్న తీర్పు) దగ్గర బెంచీ మీద కూర్చున్నవారు ‘లోపలే పడింది’ అని అరవడంతో ఆట ఆగిపోయిందని, ఇప్పుడు ఆ రెండు జట్లవారూ ఒకరికొకరు ఎదురుపడకుండా వేర్వేరు వేళల్లో వచ్చి ఆడిపోతున్నారని కూడా రాశారు.

మొదటి రెండు తగవులకు నియమావళిలో సూటి సమాధానాలు ఉన్నాయి. మూడోదానికి లేదు. నేను కాజీపేట, హనుమకొండ, కరీంనగర్ క్లబ్బుల పోటీల్లో చాలా ఏళ్లుగా అంపైరుగా కూర్చుంటున్నాను. అంపైరు లేని ఆటలు అంతకంటే ఎక్కువ చూశాను. బ్యాడ్మింటన్ నియమావళి మొత్తం ఒక అంపైరు ఉన్నాడనుకొని రాసినది. ఆ అంపైరు లేని ఉదయపు బ్యాచ్ ఆటలో ఆయన అధికారం ఎవరికి చెందుతుందో అందులో చెప్పలేదు. అందువల్ల క్లబ్బుల్లో నియమం తెలియక వచ్చే తగవులకంటే, నియమం తెలిసినా తీర్పు చెప్పే హక్కు ఎవరిదో ముందుగా తేల్చుకోకపోవడం వల్ల వచ్చే తగవులే ఎక్కువ. మీ మూడు ప్రశ్నలనూ ఈ దృష్టితోనే చూస్తాను.

సర్వీసు వరుస సంగతి ముందు చెబుతాను. వంతు తప్పి సర్వీసు చేసినా, వంతు తప్పి అందుకున్నా, నిలబడవలసిన గడిలో (జట్టు వైపు కోర్టులోని కుడి, ఎడమ సర్వీసు భాగాల్లో ఒకటి) కాక పక్క గడిలో నిలబడినా నియమావళి దానిని ఒకే రకం పొరపాటుగా లెక్కిస్తుంది. అది ఎప్పుడు బయటపడితే అప్పుడు సరిదిద్దాలి, అప్పటివరకు ఉన్న స్కోరు మాత్రం అలాగే నిలుస్తుంది. పాయింట్లు వెనక్కి తీసుకోవడం గాని, ఆ రాలీని, అంటే సర్వీసు నుంచి కాక్ కింద పడేవరకు సాగిన ఆటను, మళ్లీ ఆడించడం గాని ఉండదు. కాబట్టి మీ ఫైనల్లో 19-16 అలాగే ఉండాలి. 19 బేసి సంఖ్య కనుక సర్వీసు ఎడమ గడి నుంచే జరగాలి, కాకపోతే దానిని చేయవలసినవాడు అసలు వంతు ఉన్న ఆటగాడు. అతని భాగస్వామి కుడి గడికి మారాలి. ఎదుటి జట్టు అడిగినది నియమం ప్రకారం చెల్లదు.

అయితే వారు ఆ మాట ఊరికే అనలేదని కూడా మీరు గుర్తించాలి. 2006లో ఇప్పటి 21 పాయింట్ల పద్ధతి రాకముందు నియమావళిలో ఇలాంటి పొరపాటు తరువాతి సర్వీసుకు ముందే బయటపడితే, కొన్ని సందర్భాల్లో ఆ రాలీని లెట్‌గా ప్రకటించి మళ్లీ ఆడించేవారు. ఆ రోజుల్లో ఆట నేర్చుకున్న పెద్దలకు ఆ నియమమే మనసులో నాటుకుపోయింది. పాత పద్ధతిలో సర్వీసు చేసే జట్టుకే పాయింటు వచ్చేది, డబుల్స్‌లో జట్టుకు ఇద్దరు సర్వర్లు ఉండేవారు, గేము 15 పాయింట్లతో ముగిసేది. ఇప్పుడు ఎవరు సర్వీసు చేసినా రాలీ గెలిచినవారికి పాయింటు వస్తుంది, జట్టుకు ఒక్క సర్వీసే ఉంటుంది.

ఈ మార్పు వల్ల పుట్టిన ఒక చిక్కును చాలామంది గమనించరు. పాత పద్ధతిలో గేము మొదట కుడి గడిలో నిలబడిన ఆటగాడెవరో గుర్తుంటే చాలు: జట్టు స్కోరు సరిసంఖ్యగా ఉన్నప్పుడు అతను కుడిలో, బేసిగా ఉన్నప్పుడు ఎడమలో ఉండి తీరాలి. పాయింటు వచ్చిన ప్రతిసారీ ఆ జట్టు ఆటగాళ్లు గడులు మారేవారు కనుక ఆ లెక్క ఎన్నడూ తప్పేది కాదు. ఇప్పుడు సర్వీసు అందుకుంటూ గెలిచిన పాయింటుకు స్కోరు పెరుగుతుంది గాని గడులు మారవు. సర్వీసు చేస్తూ గెలిచినప్పుడే మారాలి. అందువల్ల ఆ పాత కిటుకు ఈ పద్ధతిలో పనిచేయదు. సున్నా-సున్నా దగ్గర కుడిలో ఉండి సర్వీసు అందుకున్న జట్టు మొదటి రాలీ గెలిస్తే స్కోరు ఒకటి అవుతుంది, ఇద్దరూ ఉన్నచోటే ఉంటారు, బేసి సంఖ్య కనుక ఎడమలో ఉన్నవారు సర్వీసు చేస్తారు. ఒక్క రాలీకే పాత లెక్క చెడిపోయింది. మీ క్లబ్బులో అరవై దాటిన సభ్యులు ‘నేను మొదటి నుంచి కుడి మనిషిని’ అని వాదిస్తుంటే వారు అబద్ధం ఆడుతున్నారని అనుకోకండి; వారు ఒకప్పుడు నిక్కచ్చిగా పనిచేసిన లెక్కనే చెబుతున్నారు.

దీనికి ఒకటే ఉపాయం. సర్వీసు చేసేవారు ప్రతిసారీ తమ స్కోరు ముందు, ఎదుటివారి స్కోరు తరువాత బయటకు వినపడేలా చెప్పాలి. అలా చెప్పిన అంకెను ఎదుటివారు అభ్యంతరం లేకుండా విని సర్వీసు అందుకున్నారంటే దానిని ఒప్పుకున్నట్లే భావించాలి. స్కోరులోనే తేడా వస్తే అందరూ ఒప్పుకునే చివరి అంకెకు వెళ్లి, అక్కడి నుంచి రాలీలను ఒక్కొక్కటిగా గుర్తుచేసుకోవాలి. ఎవరు ఎక్కడ నిలబడ్డారో నలుగురికీ గుర్తులేనప్పుడు మాత్రం సర్వీసు చేసే జట్టు చెప్పిన వరుసను అంగీకరించి ఆట సాగించడమే మర్యాద. ఫైనల్ వంటి ఆటకు స్కోరు షీటు మీద ఒక మనిషిని కూర్చోబెట్టకపోవడం నిర్వాహకుల లోపం. సెమీఫైనల్లో ఓడినవారు ఫైనల్‌కు అంపైరుగా, గీతల దగ్గర కూర్చోవాలన్న పద్ధతిని కొన్ని క్లబ్బులు పాటిస్తున్నాయి, మీరూ పెట్టుకోవచ్చు.

ఇక చేత్తో పట్టుకున్న కాక్ సంగతి. లెక్చరర్ గారికి ఇది రుచించకపోవచ్చు గాని, ఆ పాయింటు ఎదుటి జట్టుదే. కాక్ నేలను తాకేవరకు ఆటలోనే ఉంటుంది. ఆటలో ఉన్న కాక్ ఆటగాడి శరీరానికి గాని, దుస్తులకు గాని తగిలితే అది ఫాల్ట్. ఆ ఆటగాడు గీత లోపల ఉన్నాడా, బయట ఉన్నాడా, కాక్ రెండు గజాల అవతల పడబోతున్నదా అన్నవి లెక్కలోకి రావు. పడబోయే చోటును ఊహించి తీర్పు చెప్పే వీలు నియమావళిలో లేదు. అదే విధంగా అవుట్‌గా పోతున్న కాక్‌ను రాకెట్టుతో కొట్టి, అది నెట్‌లో పడ్డాక ‘ఎలాగూ అవుటే కదా’ అనడం కూడా చెల్లదు. కొట్టారంటే ఆటలోకి తీసుకున్నట్లే.

స్నేహపూర్వకంగా ఆడే రోజువారీ ఆటల్లో స్పష్టంగా బయటకు పోతున్న కాక్‌ను పట్టుకోవడాన్ని అందరూ చూసీచూడనట్లు వదిలేస్తారు. నాకది ఇష్టం లేదు. రోజూ అలవాటైన చెయ్యి పోటీ రోజున ఆగదు, పైగా అలవాటును అనుమతించినవారే ఆ రోజు ఫాల్ట్ అంటే అవతలివారికి మోసంలా తోస్తుంది. మీ క్లబ్బులో జరిగింది బహుశా అదే. కాక్ నేల మీద పడనివ్వడానికి అర క్షణం కూడా పట్టదు.

లైన్ కాల్ దగ్గరకు వస్తే, ఇక్కడ నియమం ఉన్నంత మేరకు మొదట చెప్పుకోవాలి. గీత కోర్టులో భాగమే. దాని మీద పడినది లోపలే. గీత వెడల్పు 40 మిల్లీమీటర్లు. డబుల్స్ కోర్టు 13.40 మీటర్ల పొడవు, 6.10 మీటర్ల వెడల్పు అన్నప్పుడు ఆ కొలత గీతల బయటి అంచుల మధ్యది. మన వైపు ఆరుబయట మట్టి కోర్టుల్లో సున్నంతో వేసిన గీత వారం తిరిగేసరికి నడకకు, చీపురుకు చెదిరి రెండింతలవుతుంది, అదీ ఎక్కువగా బయటి వైపుకే. అప్పుడు ‘గీత మీద పడింది’ అన్నవారూ, ‘అవుట్’ అన్నవారూ ఇద్దరూ నిజమే చెబుతుంటారు. నవారు పట్టీని మేకులతో బిగించి గీతలుగా వాడే క్లబ్బుల్లో ఈ తంటా చాలావరకు తప్పింది. ఇండోర్ కోర్టు ఉన్న మీకు ఈ సమస్య లేకపోవచ్చు.

లైన్ జడ్జికి కాక్ కనపడకపోయి, అంపైరు కూడా తేల్చలేకపోతే ఆ రాలీ లెట్ అవుతుందని నియమావళి చెబుతుంది. అంపైరూ, లైన్ జడ్జీ ఇద్దరూ లేని చోట ఏం చేయాలన్నది క్లబ్బుల్లో స్థిరపడిన ఆచారమే చెప్పాలి. కాక్ ఏ వైపు పడిందో ఆ వైపు ఆటగాళ్లే తీర్పు చెప్పాలన్నది ఆ ఆచారం. ఈ హక్కుతోపాటు ఒక బాధ్యత కూడా వస్తుంది: అవుట్ అని నిశ్చయంగా చూసినప్పుడే అవుట్ అనాలి. ‘అవుట్ లాగుంది’ అన్నది తీర్పు కాదు. అనుమానం మిగిలితే పాయింటు ఎదుటివారిది. భాగస్వాములిద్దరిలో ఒకరు లోపల అని, ఒకరు బయట అని అంటే అది అనుమానమే కనుక లోపల పడినట్లే లెక్కించాలి. తమలో తాము చర్చించుకొని బలమైన గొంతు ఉన్నవారి మాటను జట్టు తీర్పుగా చెప్పడం నేను తరచుగా చూసే దుర్గుణం.

తీర్పు వెంటనే రావాలి. కాక్ పడిన తరువాత స్కోరు ఎంతో అడిగి, భాగస్వామి ముఖం చూసి, ఆపై ‘అవుట్’ అన్నారంటే ఎదుటివారికి అనుమానం రావడం సహజం. ఇద్దరికీ నిజంగా కనపడకపోతే ‘చూడలేదు’ అని ఒప్పుకొని ఎదుటి జట్టును అడగాలి. వారూ చూడలేదంటే లెట్ వేసుకోవాలి. ఎదుటివారికి ఒకసారి అడిగే హక్కు ఉంది. మన దగ్గర ‘అన్నా, పక్కా చూసినవా?’ అని అడుగుతారు. ఆ మాటలో తప్పేమీ లేదు. ‘పక్కానే తమ్మీ’ అన్న జవాబు వచ్చాక అదే ప్రశ్నను రెండోసారి అడిగితే మాత్రం అది ప్రశ్నగా మిగలదు, నింద అవుతుంది. నెట్ అవతల నుంచి, పదమూడు మీటర్ల కోర్టుకు ఆ చివరన నిలబడి, వెనుక గీత మీద పడిన కాక్‌ను గీత పక్కనే ఉన్న మనిషికంటే బాగా చూశాననుకోవడం సాధారణంగా భ్రమే. ఆ కోణంలో గీతకూ కాక్‌కూ మధ్య ఖాళీ కనపడదు.

బెంచీ మీదివారి సంగతి ఇంకా సులువు. ఇరు జట్లూ కలిసి అడిగితే తప్ప వారికి నోరు లేదు. వారు పక్కవాటంగా కూర్చొని ఉంటారు, ఎవరో ఒకరి వైపు మనసు మొగ్గి ఉంటుంది, అన్నింటికంటే ముఖ్యంగా వారి తప్పుకు బాధ్యత వహించేవారు ఉండరు. మీ ఫైనల్లో కాక్ పడిన వైపు జట్టు ‘అవుట్’ అని వెంటనే చెప్పి ఉంటే, బెంచీ ఎంత అరిచినా ఆ తీర్పే నిలవాలి. మీరు రాసిన దానిలో వారు వెంటనే చెప్పారా, బెంచీ అరుపు విన్నాక చెప్పారా అన్నది స్పష్టంగా లేదు. రెండోదే జరిగి ఉంటే లెట్ వేసుకోవడం ఉచితంగా ఉండేది. ఏదైనా సరే, ఆట ఆపేసి రాకెట్లు సంచిలో పెట్టుకునేంత విషయం అందులో లేదు.

సర్వీసు ఎత్తు గురించి మీరు అడగలేదు గాని, ఈ తీర్పుల తరువాత తగవు రాబోయేది అక్కడే కనుక రెండు మాటలు రాస్తాను. 2018 నుంచి అంతర్జాతీయ పోటీల్లో రాకెట్టు తాకే క్షణాన కాక్ మొత్తం నేల నుంచి 1.15 మీటర్ల లోపు ఉండాలన్న నియమం అమలవుతోంది. అంతకుముందు కాక్ సర్వీసు చేసేవారి నడుము కంటే, అంటే అడుగు పక్కటెముక కంటే, కింద ఉండాలనేవారు. పొట్టివారికి కొత్త నియమం మేలు చేసింది, పొడవైనవారు కాస్త వంగవలసి వచ్చింది. నెట్ స్తంభం ఎత్తు 1.55 మీటర్లు కనుక దాని పై అంచు నుంచి 40 సెంటీమీటర్లు కిందికి కొలిచి ఒక రంగు టేపు చుడితే అందరికీ ఒక అంచనా వస్తుంది. కాని ఆ ఎత్తును తీర్పు చెప్పగలిగేది పక్క నుంచి, అదే ఎత్తులో కళ్లు పెట్టి చూసే సర్వీస్ జడ్జి మాత్రమే. ఎదురుగా నిలబడి సర్వీసు అందుకునే ఆటగాడికి ఆ హక్కు లేదు, ఉండకూడదు. ఎవరి సర్వీసైనా నిత్యం ఎత్తుగా ఉంటే గేము అయ్యాక పక్కకు పిలిచి చెప్పండి. పాయింటు పోయాక ‘నీ సర్వీసు ఫాల్ట్’ అనడం ఎంత న్యాయమైనా వినసొంపుగా ఉండదు. కాక్‌ను వేళ్లతో తిప్పుతూ వదిలే సర్వీసును 2023లో ప్రపంచ సమాఖ్య అడ్డుకుంది. వీడియోల్లో చూసి దానిని సాధన చేస్తున్న కుర్రవాళ్లకు ఈ సంగతి చెప్పడం మంచిది.

టేబుల్ టెన్నిస్ ఆడి వచ్చినవారు సర్వీసు నెట్‌ను తాకి సరైన గడిలో పడితే లెట్ అడుగుతారు. షటిల్‌లో అది మంచి సర్వీసే. సర్వీసు అందుకునేవారు సిద్ధంగా లేనని చెప్పడానికి మాత్రం అవకాశం ఉంది. అయితే కాక్‌ను కొట్టడానికి ప్రయత్నించారంటే సిద్ధంగా ఉన్నట్లే లెక్క. కొట్టి, నెట్‌లో వేసి, ఆపై ‘రెడీగా లేను’ అనే సభ్యుడు ప్రతి క్లబ్బులోనూ ఒకరుంటారు. రాకెట్టు ఫ్రేముకు తగిలి అవతల పడిన దెబ్బ కూడా న్యాయమైనదే. నెట్ తాకినట్లు, కాక్ జుట్టును రాసుకొని పోయినట్లు తాకినవారికే ముందు తెలుస్తుంది కనుక వారే చెప్పాలి. అక్కడ ఎదుటివారు అడిగేవరకు ఆగడం కూడా నా దృష్టిలో మర్యాద తప్పడమే.

నియమావళి పరిధిలోకి రాని మర్యాదల్లో ఒకదాని గురించే కొంచెం ఎక్కువ చెప్పాలనిపిస్తోంది. అది కాక్‌ల వ్యవహారం. ఈకల కాక్ ధర పెరిగిన కొద్దీ ‘ఇది ఇంకా ఆడుతుంది’, ‘దీని పని అయిపోయింది’ అన్న వాదన ప్రతి గేములోనూ వస్తోంది. కొందరు ఈకల కొసలను లోపలికి గాని, బయటికి గాని వంచి వేగం మారుస్తారు. ఆట మధ్యలో కావాలని అలా చేయడం నియమవిరుద్ధం. వేగం పరీక్షించే పద్ధతి సులువైనదే. వెనుక గీత మీద నిలబడి కింది నుంచి పూర్తి బలంతో, పక్క గీతకు సమాంతరంగా కొట్టిన కాక్ అవతలి వెనుక గీతకు 530 నుంచి 990 మిల్లీమీటర్ల ముందు పడాలి. వేసవి వేడిలో గాలి పలుచబడి కాక్ దూరం పోతుంది కనుక మే నెలలో మన ఊళ్లలో 76 నంబరు (కాక్ వేగాన్ని తెలిపే అంకె, పెద్దదైన కొద్దీ వేగం ఎక్కువ) చక్కగా ఆడుతుంది. అదే కాక్ డిసెంబరు పొద్దున మధ్యలోనే పడిపోతుంది, అప్పుడు 77 గాని 78 గాని తెప్పించాలి. ఏడాదంతటికీ ఒకే నంబరు డబ్బాలు ఒకేసారి కొన్న క్లబ్బులో కాక్ గురించి తగవు రాకపోతేనే ఆశ్చర్యం. గేము మధ్యలో కాక్ మార్చాలంటే రెండు జట్లూ ఒప్పుకోవాలి. ఒప్పుకోకపోతే ఒక జట్టు 11 పాయింట్లకు చేరినప్పుడు వచ్చే విరామంలో మార్చుకోవాలన్న కట్టుబాటు పెట్టుకోండి.

వయసులో పెద్దవారి మీదికి నేరుగా స్మాష్ కొట్టడం నియమం ప్రకారం తప్పు కాదు; కొట్టినవారు చెయ్యెత్తి క్షమాపణ సూచిస్తే చాలు. గట్టిగా ఆడే నలుగురు కలిసి కోర్టును గంటసేపు అట్టిపెట్టుకొని మిగిలినవారిని బెంచీకి పరిమితం చేయడం మాత్రం నాకు లైన్ కాల్ గొడవలకంటే పెద్ద అపచారంగా కనిపిస్తుంది, ఎందుకంటే ఆ బెంచీ మీది అసహనమే తరువాత అరుపులుగా బయటకు వస్తుంది. రెండు గేములు వరుసగా గెలిచిన జట్టు కూడా లేచి చోటివ్వాలన్న నియమం పెడితే మీ ఫైనల్ నాటి బెంచీ కొంత చల్లబడుతుంది.

ఆగిపోయిన ఫైనల్ గురించి నా సలహా ఇది. దానిని మొదటి నుంచి ఆడించవద్దు, ఎవరినీ విజేతగా ప్రకటించవద్దు. ఇరు జట్లూ ఒప్పుకునే చివరి స్కోరు ఎంతో రాయించుకొని, ఆ అంకె నుంచే, బయటి క్లబ్బు మనిషిని ఒకరిని అంపైరుగా పిలిచి, వెనుక గీతల దగ్గర ఇద్దరిని కూర్చోబెట్టి పూర్తి చేయించండి. పిలవడానికి లెక్చరర్ గారి దగ్గరకు కార్యదర్శి స్వయంగా వెళ్లాలి. వాట్సాప్ సందేశంతో పిలిస్తే ఆయన రారు. నియమం ఆయనకు వ్యతిరేకంగా ఉన్నదన్న మాట అక్కడే, ఆయన ఇంట్లోనే, నలుగురిలో కాకుండా చెప్పాలి.

చివరగా, మీ షెడ్డు పైకప్పు దూలం కిందికి ఉందని, ఎత్తుగా లేచిన కాక్ దానికి తగులుతోందని ప్రశ్న చివర ఒక మాట అన్నారు. పైకప్పుకు తగిలితే మామూలుగా ఫాల్టే. అయితే కట్టడం వల్ల వచ్చే ఇలాంటి అడ్డంకులకు స్థానికంగా ఒక నిబంధన పెట్టుకునే వీలును నియమావళే ఇచ్చింది. దూలానికి తగిలితే లెట్ అని గాని, ఫాల్ట్ అని గాని ఒకటి నిర్ణయించి, పోటీకి ముందే నోటీసు బోర్డు మీద రాసి పెట్టండి. నన్ను అడిగితే ఫాల్ట్ అనే రాయిస్తాను. లెట్ అని రాస్తే ఓడిపోతున్న ప్రతివారూ దూలం వైపే కాక్ లేపుతారు.